గిన్నె బొట్టు

నవీన తువ్వాలు విదిలించి మడత వేయడానికి వంగినప్పుడు ఆమె మెడలోని పసుపుతాడు ముందుకు వేలాడింది. తాడుకున్న రెండు బొట్లలో ఒకటి తిరగబడింది. జయచంద్ర దాన్ని చూశాడు. చూసి, చూపు తిప్పుకోవడం మరిచిపోయాడు.

తప్పు ఆయన కళ్లది మాత్రమే అయితే ఈ కథ అక్కడే అయిపోయేది. కళ్లు చేసిన తప్పును నోరు దిద్దవచ్చు. ఆ నోరే పెగల్లేదు.

అది నగరిలో మునెయ్య ఇల్లు. వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు, ముందు గదిలో మడత పని. జయచంద్రకు తిరుపతి బస్టాండు దగ్గర తువ్వాళ్ల అంగడి. గుండు చేయించుకుని కొండ దిగినవాళ్లకు తల కప్పుకోవడానికి ఏదో ఒక తువ్వాలు కావాలి కదా, అలా ఆయన వ్యాపారానికి ఎండాకాలం వానాకాలం తేడా లేదు. వారానికొకసారి నగరి వచ్చి, సరుకు చూసుకుని, వ్యానులో వేయించుకుని పోతాడు. మునెయ్య మగ్గాల మీద దిగే బట్టంతా కొనేది ఆయనొక్కడే. అందుకే ఆ ఇంట్లో ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ కాకుండా టేకు కుర్చీ వేస్తారు.

నవీన ఆ ఇంటి కోడలు, మునెయ్య కొడుకు మునికుమార్ భార్య. చిత్తూరు పిల్ల. ఆమె తండ్రి ధర్మేంద్ర మామిడి మండీలో దళారీ, జయచంద్రతో కలిసి చదువుకున్నవాడు. ఈ సంబంధం కుదిర్చింది జయచంద్రే. పుట్టింటి వైపు మనిషి వారం వారం కనబడతాడని ఆ పిల్లకు ఆయనంటే ఒక ఆసరా. పెదనాయనా అని పిలుస్తుంది, చనువుగా దెబ్బలాడుతుంది. పనిలో చురుకైనది. తువ్వాలును ముంజేతి మీద పరిచి వేలికొసలతో ఒకసారి నిమిరితే చాలు, ఎక్కడ పోగు తప్పిందో ఆ వేళ్లకు తెలిసిపోతుంది. అలాంటి తువ్వాళ్లను పక్కన పడేసి, "ఇవి నీకు కాదులే పెదనాయనా, మా ఇంటి బండలు తుడవడానికి" అంటుంది.

ఇక జయచంద్ర పిచ్చి ఒకటుంది. పాత బంగారు నాణేలు. అవి కూడా అందరూ దాచుకునే బల్లపరుపు నాణేలు కావు. పెసరగింజంత పణాలు, గిన్నెల్లా గుంటపడిన టంకాలు, ఇలా ఆకారం తప్పినవంటేనే ఆయనకు మోజు. వందల ఏళ్ల కిందట కంసాలి పల్చటి బంగారు బిళ్ల మీద మధ్యలో ఒకటి, చుట్టూ కొన్ని ముద్రలు సుత్తితో కొట్టేవాడు. ఆ దెబ్బలకు బిళ్ల లోపలికి వంగి చిట్టి గిన్నె అయ్యేది. ముద్రలన్నీ గిన్నె లోపలే ఉంటాయి. సింహం ముద్రవి జయచంద్ర దగ్గర ఉన్నాయి. నడుమ తామరపువ్వు, పక్కన శ్రీ అక్షరం ఉండే పద్మటంకం మాత్రం లేదు. ఒకసారి చెన్నైలో వేలానికి వస్తే, పాటలో వెనకబడి, తిరుపతి చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తాళిబొట్టూ గిన్నెలాంటిదే, కాకపోతే బోర్లించిన గిన్నె. ఉబ్బు బయటికి, గుంట లోపలికి. కట్టుకున్న మనిషి కూడా దాని లోపలి వైపు రోజూ చూసుకోదు. నవీన అత్తింటి బొట్టు తిరగబడినప్పుడు, పసుపు పట్టిన ఆ గుంటలో జయచంద్రకు తామర రేకులు కనబడ్డాయి. అంచు దగ్గర శ్రీ కనబడింది.

"పెదనాయనా, ఈ అంచు రంగు..." అంటూ నవీన తలెత్తింది. ఆయన చూపు ఎక్కడుందో చూసింది. మాట అక్కడే ఆగిపోయింది. చెయ్యి గబుక్కున పైట మీదికి పోయింది.

ఆమె అత్త మునెమ్మ కాఫీ గ్లాసుతో నడవ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది. "కాపీ సల్లారిపోతాది," అని మాత్రం అని, గ్లాసు కుర్చీ పక్కన పెట్టి పోయింది.

జయచంద్రకు చెవులు కాలిపోయాయి. నేను చూసింది నిన్ను కాదమ్మా, నీ బొట్టును అనొచ్చు. అంటే బొట్టులో ఏముందని అడుగుతారు. చెబితే అది నాణెమని తెలిసిపోతుంది, తెలిశాక ఇక చేతికి రాదు. దొంగకు తేలు కుట్టినట్టు ఆయన కిమ్మనకుండా కాఫీ తాగాడు. తాగుతూ నేల వైపే చూశాడు. అది ఇంకా దొంగచూపులా ఉందని ఆయనకు తెలియదు.

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని బీరువా తీసి నాణేల పెట్టె బయటపెట్టడం. మఖమలు గుడ్డ పరిచి, దూదితో ఒక్కొక్కటే తుడిచి వరసగా పెట్టాడు. చివర్లో బొటనవేలితో గుడ్డ మీద ఒక గుంట నొక్కి, అక్కడ తామరపువ్వును ఊహించుకున్నాడు. భూతద్దం తీసి ఆ ఖాళీ గుంటను కూడా చూశాడు. మనిషికి పిచ్చి పట్టిందనడానికి ఇంతకంటే గుర్తు వేరే అక్కర్లేదు.

"ఏందప్పా, మొగం అట్లుండాది?" అంది భార్య ఉదయలక్ష్మి, చింతపండు పిసుకుతూ వంటింట్లోంచే.

"ఏంలేదు. ఎండ."

ఏమీ లేకపోవడమేమిటి? ఆ పిల్ల చెయ్యి పైట మీదికి పోయిన తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు. ఆయన తనతో తానే వాదించుకున్నాడు. నేను తప్పు చూపు చూడలేదు. చూడనప్పుడు సిగ్గెందుకు? సిగ్గు మాత్రం ఆ వాదన వినలేదు, అన్నం తింటున్నా పక్కనే కూర్చుంది. అందుకని ఆయన మనసును పనికొచ్చే ఆలోచన వైపు మళ్లించాడు. ఆ బొట్టు తన పెట్టెలోకి రావడం ఎలా?

మరుసటి వారం నగరి పోయేసరికి ఆ ఆలోచన బాగా పండింది.

మునెయ్య ఇంట్లో ముందు గదికి, నడవకు మధ్య కొత్తగా ఒక దుప్పటి కట్టి ఉంది. మడతలు వేసిన తువ్వాళ్లను మునెమ్మ తెచ్చి ముందు పెట్టింది. మంచినీళ్లూ ఆమే తెచ్చింది. జయచంద్ర పైన రెండు తువ్వాళ్లు విప్పి చూస్తే ఒకదాంట్లో పోగు తప్పి సందు కనబడుతోంది.

"నవీన యాడ?"

"లోపల పనుండాది," అంది మునెమ్మ. దుప్పటి వెనక ఎవరో తువ్వాలు విదిలిస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

ఆ దుప్పటి ఎందుకు కట్టారో జయచంద్రకు అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాడు. ఆయనను ఒక్క మాట అనలేరని కూడా ఆయనకు తెలుసు. ఏమంటారు? అంటే బట్ట ఎవరు కొంటారు? సావుకారు కళ్లకు గంతలు కట్టలేక కోడలికి తెర కట్టారు. మేలు కదా, మాట రాకుండా సర్దుకుపోయింది అనుకున్నాడాయన. అంత నీచంగా అనుకోగలిగినందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకున్నాడు గాని, ఆ పూట మాత్రం అలాగే అనుకున్నాడు.

"మునెయ్యా, ఒక మాట," అన్నాడు గొంతు సవరించుకుని. "నవీన మెడలో మీ ఇంటి బొట్టు బాగా అరిగినట్టుండాది. పాతకాలం సరుకు. అది నాకియ్యండి. దానికి రెండింతల బరువుతో కొత్త బొట్టు నేను సేపించి ఇస్తా. నా ఖర్చే."

దుప్పటి వెనక విదిలింపు ఆగిపోయింది.

మునెయ్య చేతిలోని దారపు కండెను చూస్తూ ఉండిపోయాడు. మునెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షెడ్డులో ఒక మగ్గం ఆగింది, మునికుమార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకు నూనె. తండ్రి వైపు చూశాడు. తండ్రి వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

"బండికి లేటయితాది సావుకారా," అన్నాడు మునెయ్య.

మెడలోకి బొట్టు రెండిళ్ల నుంచే వస్తుంది. పుట్టింటిది ఒకటి, మెట్టినింటిది ఒకటి. మూడో ఇంటి మగవాడు, అందునా పైట వంక చూశాడని ఇంట్లో అనుకుంటున్నవాడు, పాతది తీసేసి నాది వేసుకో అంటే ఆ మాటకు అర్థమేమిటో నగరిలో పసిపిల్లలకు కూడా తెలుసు. జయచంద్రకు తెలియదా? తెలుసు. ఎన్ని పెళ్లిళ్లు చేయించలేదు! కానీ వారం రోజులుగా ఆయన దాన్ని బొట్టు అనుకోవడం మానేశాడు. ఆయనకు అది పద్మటంకం. నాణేనికి మెడ ఉండదు, మెడకు మనిషి ఉండదు.

వ్యాను పుత్తూరు దాటాక, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, తానన్న మాట ఆయనకు తన చెవుల్లోనే మళ్లీ వినబడింది. అయ్యో, ఏమన్నాను నేను! డ్రైవరును వెనక్కి తిప్పమనబోయాడు. తిప్పితే నిజం చెప్పాలి. గేటు తెరుచుకుంది. వ్యాను తిరుపతి వైపే కదిలింది.

రెండు రోజులు గడిచాయో లేదో, నవీన తల్లి చిత్తూరు నుంచి ఉదయలక్ష్మికి ఫోన్ చేసింది. ఉదయలక్ష్మి చాలాసేపు విన్నది. "అట్లనా... అట్లనా అక్కా..." అని మాత్రం అంటూ, ఫోన్ పెట్టేసి, అంగడికి బయల్దేరుతున్న భర్తకు అడ్డంగా నిలబడింది.

"నవీనను పుట్నింటికి పంపేసినారంట."

జయచంద్ర చెప్పులోకి పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

"పైట సరిగ్గా ఏసుకోవని వాళ్లత్త తిట్టిందంట. ఆయప్పకూ నీకూ ఏంది సంగతని మొగుడు అడిగినాడంట. నువ్వు బొట్టు సేపిస్తానన్నావంటనే, నిజమేనా?"

ఉదయలక్ష్మి ఆయన ముఖాన్ని పరీక్షగా చూసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన ఆడది, ఆ ముఖంలో ఏ పిచ్చి ఎప్పుడు కదులుతుందో ఆమెకు కొత్త కాదు.

"అది నాణెమా?" అంది.

ఆయన తల ఊపాడు.

"ఆ మాట ఆడనే ఎందుకు సెప్పలేదు?"

ఆయన కాలితో చెప్పును పక్కకు జరిపాడు.

"సెప్తే రేటు పెరుగుతాదనా?" ఆమె గొంతు పైకి లేవలేదు, అదే ఆయనను కోసేసింది. "థూ. ఆ పిల్ల నిన్ను పెదనాయనా అంటాది గదప్పా. నీకు కూతురుంటే ఆ వయసే. పో, పొయ్యి సెప్పు. సెప్పినాకే ఈ ఇంట్లో కూడు తిందువు."

చిత్తూరులో మామిడి కాలం. మండీ రోడ్డంతా తోతాపురి వాసన, ట్రాక్టర్లు, గోనెపట్టలు. ధర్మేంద్ర కాయల రాశి పక్కన నిలబడి వేలం పాడుతున్నాడు. స్నేహితుణ్ని చూసి పాట ఆపలేదు. పాట అయ్యాక, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఎదురుగా కాకుండా కాయల వైపు చూస్తూ, "బిడ్డ ఇంట్లో ఉండాది. నేను గూడా వస్తా పద," అన్నాడు.

ఇంటి వసారాలో నవీన ఊరగాయకు మామిడికాయలు తుడుస్తోంది. పెదనాయనను చూడగానే పైట సర్దుకుంది. సర్దుకోవడానికి అక్కడ ఏమీ లేదు, పైట నిండుగానే ఉంది. ఊరికే పోయిన ఆ చేతిని చూసి జయచంద్రకు భూమి చీలితే బాగుండుననిపించింది.

వసారా మెట్టు దగ్గర నిలబడే మొత్తం చెప్పేశాడు. తామరపువ్వు, శ్రీ, చెన్నై వేలం, అన్నీ. ధర్మేంద్ర నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నవీన చేతిలోని కాయ తుడవడం ఆపలేదు.

"నాకెందుకు సెప్తాండావు పెదనాయనా?" అంది చివరికి. "నేనేం తప్పు సెయ్యలేదని నాకు తెలవదా? నువ్వు సెప్పాల్సింది ఆడ."

"అందుకే వచ్చినానమ్మా. పోదాం పా. మీ నాయన కూడా వస్తాడు."

"ఆ పొద్దు నువ్వు నన్నే సూసినావనుకున్న్యా," అంది ఆమె కాయను బుట్టలో వేస్తూ. "బస్సులో సూస్తారు, బజార్లో సూస్తారు. అట్లాంటోళ్లలో మా పెదనాయన గూడా ఒకడు, ఏం సేస్తాం, అనుకోని ఏడ్సినా. నీకు నోరుండి, నేనేమీ ఎరగనని నీకు తెలిసి, ఇన్ని దినాలు గమ్మున ఉన్న్యావు. ఇది అనుకోలేదు."

ఆమె లేచి చేతులు కడుక్కుంది.

నగరిలో మగ్గాలు ఆపించి, అందరినీ ముందు గదిలోకి పిలిపించాడు జయచంద్ర. దుప్పటి తెర ఇంకా అలాగే ఉంది. టేకు కుర్చీ ఎవరూ వేయలేదు. వేసినా కూర్చునేవాడు కాదు. వచ్చే దారి పొడుగునా, మునికుమార్ కాలర్ పట్టుకుంటాడు, పట్టుకోనీ, మునెమ్మ దుమ్మెత్తి పోస్తుంది, పోయనీ అని మనసును సిద్ధం చేసుకున్నాడు. అలా జరిగితే కొంచెం తేలికపడతానని కూడా ఆశపడ్డాడు.

"నేను ఆ పొద్దు సూసింది నవీనను కాదు," అన్నాడు. "మెడలో బొట్టును. అది బొట్టుగా పుట్టింది కాదు మునెయ్యా, వందల ఏండ్ల నాటి నాణెం. ఎవురో మీ పెద్దలు కొక్కెం ఏపించి బొట్టు సేసినారు. అట్లాంటిది నా దగ్గర లేదు. సంగతి మీకు తెలిస్తే అగ్గువకు రాదని నోరు మూసుకున్న్యా. నేను నోరు మూసుకున్నందుకు ఈ బిడ్డ మాట పడింది. తప్పంతా నాది. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

మునికుమార్ తండ్రి వైపు చూశాడు, తండ్రి మునెమ్మ వైపు చూశాడు.

"ఓర్నాయనో, అంతేనా!" అంది మునెమ్మ. గుండెల మీది బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. మునెయ్య నవ్వాడు. "నేను అప్పుడే అనుకున్న్యా, మా సావుకారు అట్లాంటోడు కాదని," అంటూ తానే పోయి టేకు కుర్చీ తెచ్చి వేశాడు. మునికుమార్ నూనె చేతులు లుంగీకి తుడుచుకుని ముందుకు వచ్చాడు.

"ఎంత సేస్తాదన్నా?" అన్నాడు.

జయచంద్ర నవీన వైపు చూశాడు. ఆమె తండ్రి పక్కన, గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ అనలేదు.

"అది మా అత్త మెళ్లో ఉండింది. ఆయమ్మకు వాళ్లత్త ఇచ్చింది," అని మునెమ్మ ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "పెండ్లినాడు నా మెళ్లోది తీసి దీనికిచ్చినా. లోపల పువ్వుందని నాకే తెలవదు సూడు! తియ్‌మే, సూద్దాం."

మెడ బోసిగా ఉండకూడదు కాబట్టి ఆమే లోపలికి పోయి పసుపు కొమ్ము, పసుపు పూసిన దారం తెచ్చింది. నవీన గోడ వైపు తిరిగి ముందు కొమ్మును మెడకు కట్టుకుంది. తర్వాత తాళి తీసి, ముడి విప్పి, అత్తింటి బొట్టును తాడులోంచి జార్చింది. మునెమ్మ దాన్ని కోడలి చేతిలోంచి తీసుకుని తిన్నగా జయచంద్రకు అందించింది.

"నువ్వే సూసి సెప్పు సావుకారా. తెలిసినోడివి."

బొట్టు అరచేతిలో ఇంకా వెచ్చగా ఉంది. జయచంద్ర బొటనవేలితో గుంటలోని పసుపును మెల్లగా తుడిచాడు. తామర రేకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి, దెబ్బ సూటిగా పడినచోట లోతుగా, పక్కకు జరిగినచోట తేలికగా. ఒక శ్రీ ఉంది. దానికి ఎదురుగా ఇంకో శ్రీ. కొక్కెం అతికినచోట తప్ప అంచు ఎక్కడా చెడలేదు. చెన్నైలో పోగొట్టుకున్నది దీని కాలిగోటికి కూడా సరిపోదు. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పాడు. గది, మనుషులు, తాను వచ్చిన పని, అన్నీ ఆ కాసేపు ఆయనకు లేవు.

తల ఎత్తేసరికి నవీన ఆయననే చూస్తోంది. ఆ పొద్దు ఆయన ముఖం ఎలా ఉండిందో ఆమె ఇప్పుడు తీరిగ్గా చూస్తోంది. తప్పించుకోవాలన్న తొందర ఆ చూపులో లేదు, కోపమూ లేదు. చూపు తిప్పుకోవాల్సి వచ్చింది జయచంద్రకే.

"సెప్పన్నా, ఎంతకు తీసుకుంటావు?" అన్నాడు మునికుమార్.

"ఆ మాటలు తర్వాత," అన్నాడు మునెయ్య. కోడలి వైపు తిరిగి, "అమ్మా, ఇబ్బుడు బొట్టు మళ్లా తాడుకేసుకో. బేరం కుదిరినాక సూద్దాం," అన్నాడు.

నవీన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మెడకున్న పసుపు కొమ్మును రవిక మీదికి సర్దుకుంది. పైట సర్దుకోలేదు.

"వద్దు మామా," అంది. "నాకు ఈ కొమ్ము సాలు. దీన్నయితే ఎవురూ సూడరు."

మునెమ్మ ఏదో అనబోయి ఆగింది. మునికుమార్ మొదటిసారి నేల చూశాడు. ధర్మేంద్ర గుమ్మం బయటే, చెప్పులు కూడా విడవకుండా నిలబడి ఉన్నాడు.

జయచంద్ర ఆ పిల్ల వైపు చెయ్యి చాచాడు. "తీసుకోమ్మా. నాకొద్దు," అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది. చాచిన చెయ్యి మాత్రం గుప్పిట మూసే ఉంది. అందరూ దాన్ని చూస్తున్నారు. తెరవాలనుకున్నాడు. వేళ్లు వెంటనే విచ్చుకోలేదు.